నీళ్ళకేసి చాచిన చెయ్యి

మార్కాపురం వైపు వెళ్ళొచ్చానంటే మా చీరాలలో అందరూ అడిగేది ఒకటే: "శ్రీశైలం దర్శనం అయిందా?" కాలేదు. నేను దోర్నాల దారి పట్టనే లేదు. ఆ దారిలో బస్సులకు బస్సులు నిండి దేవుడి కోసం వెళ్తాయి. నేను వెళ్ళింది ఒక ఆడమనిషి కుడిచెయ్యిని చూడటానికి.

గిద్దలూరులో కాలేజీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పే సుజాత ఫోన్ చేసింది. మూఢనమ్మకాల మీద నేను పెట్టే సభలకు ఎంత దూరమైనా వచ్చి, వెనక బెంచీలో కూర్చుని, చివర్లో అందరికంటే కష్టమైన ప్రశ్న అడిగే మనిషి.

"అక్కా, కంభం చెరువు ఎగువన ఒక చిన్న పల్లె ఉంది. చేపలు పట్టుకునేవాళ్ళు. అక్కడ కాశమ్మ అని ఒకామెను పొద్దునా సాయంత్రం గట్టు మీద నిలబెడతా ఉన్నారు. నీళ్ళకేసి చెయ్యి చాపి, చూపిస్తానే ఉండాలంట."

"ఏం నేరం చేసింది?"

"ఆమె మరిది చెరువులో మునిగిపోయినాడు. శవం దొరకలేదు. మునిగేటప్పుడు మొదట చూసింది ఈమె. కన్ను తిప్పింది కాబట్టే నీళ్ళు మింగేసినాయి అంటారు. ఆదివారం పంచాయితీ. ఊరు వదిలి పొమ్మంటారేమో. నువ్వొస్తావా?"

నిప్పుల గుండం ముందు నిలబడి బూడిద గుణం వివరించినదాన్ని. చేతబడి చేసిందని ముసలామె పళ్ళు రాలగొట్టిన ఊళ్ళో, ఆ రాలగొట్టినవాళ్ళ అరుగు మీదే కూర్చుని వాదించినదాన్ని. కానీ ఓ మనిషిని ఎటో చూపిస్తూ నిలబెట్టడం నేనెప్పుడూ వినలేదు. ఆ రాత్రే సంచి సర్దుకున్నాను.

దొనకొండ దాటాక

గుంటూరు నుంచి నంద్యాల వెళ్ళే రైలు దొనకొండ దాటేసరికి కిటికీలో రంగు మారిపోతుంది. మా వైపు కాలువ గట్లు, వరిచేల పచ్చ చూసి పెరిగిన కళ్ళకు ఇక్కడి ఎర్రనేల, చిల్లచెట్లు, దూరంగా నల్లమల నీలం చూస్తే ఎవరో బొమ్మలో సగం చెరిపేసినట్టు ఉంటుంది. నీళ్ళ కోసం బోర్లు వేసీ వేసీ అలసిపోయిన నేల ఇది. ఈ నేల మీద ఓడల కథ ఒకటి ఎలా మొలిచిందా అనుకుంటూ కూర్చున్నాను.

ఎదురు సీట్లో తలగుడ్డ చుట్టిన పెద్దాయన వేయించిన శనక్కాయల పొట్లం విప్పి నా ముందు పెట్టాడు. నేను డబ్బాలో పులిహోర ఇచ్చాను. తిన్నంతసేపూ ఆయన మా కోస్తావాళ్ళు చింతపండు దండగ చేస్తారని తిట్టాడు. తిడుతూనే డబ్బా ఖాళీ చేశాడు.

"యాడికి తల్లీ పోయేది?"

చెప్పాను. ఆయన పళ్ళు బయటపెట్టి నవ్వాడు.

"ఓడ పల్లెకా! ఆడ ఎనుములు గూడా ఇంగిలీషులో తిరుగుతాయి. కుడికి తిరగవే అంటే తిరగదు. 'స్టార్‌బోర్డు' అనాల. అప్పుడు చెవులు నిక్కబొడిచి తిరుగుతాది. మా బావమరిది ఆ పల్లెలో ఎనుమును కొని ఇంటికి తోలకొచ్చి, దానికి తెలుగు నేర్పలేక మళ్ళా అమ్ముకున్నాడు."

గేదెకు తెలుగు నేర్పడం ఊహించుకుని నేనూ నవ్వాను. ఆపైన చెయ్యి సంగతి అడిగాను. ఆయన నవ్వు ఆగిపోయింది. శనక్కాయ తొక్కలన్నీ ఒళ్ళోంచి దులిపి, కిటికీ బయటికి చూస్తూ అన్నాడు: "వాళ్ళు చెయ్యి చూపిస్తే నువ్వు అటుపక్క చూడొద్దు తల్లీ."

"చూస్తే ఏమవుతుంది?"

"ఏమీ కాదు. చూస్తానే ఉండిపోవాల్సొస్తది."

ఇది ఎవరి మాట, ఎవరు చూసి ఉండిపోయారు, పేరు చెప్పమని నా అలవాటు ప్రకారం వెంటపడ్డాను. మార్కాపురం రోడ్డు స్టేషను వచ్చేదాకా ఆయన కిటికీ నుంచి తల తిప్పలేదు. దిగేటప్పుడు మాత్రం నా సంచి తనే దించి పెట్టాడు.

మార్కాపురం

పలకల ఊరు. ఇక్కడి రాతిని రేకుల్లాగా చీల్చి, చుట్టూ చెక్క బిగించి, ఒకప్పుడు మన బడులన్నిటికీ పంపారు. ఇప్పుడు చిన్నపిల్లల చేతుల్లో పలకలు లేవు గానీ, ఊరి శివారులో విరిగిన నల్లరాయి గుట్టలు గుట్టలుగా ఉంది. గోడలు దానివే, కాలిబాటలు దానివే. సాయంత్రపు ఎండలో ఆ గుట్టలు ఎవరో రాసి తుడిచేసినవాటిలా మెరుస్తాయి. వాటి మధ్య నడుస్తుంటే నా చెప్పు తెగింది. కుట్టినతను ఇరవై రూపాయలు తీసుకుని, చెప్పు కంటే నా నడక బాగాలేదని చెప్పాడు. లాడ్జి పక్క హోటల్లో దోసె నలభై. చట్నీలో కారం మాత్రం లెక్క లేకుండా పోస్తారు.

చేపల అంగట్లో ఒకామెను కాశమ్మ తెలుసా అని అడిగాను. తెలుసట. ఇద్దరూ చాన్నాళ్ళు పక్కపక్కనే కూర్చుని అమ్మారట.

"ఇప్పుడు రాదమ్మా. వచ్చినా ఎవరూ కొనరు. ఆమె గంపలో చేపలు కన్ను మూయవంట."

"ఏ చేప మూస్తుందమ్మా? చేపలకు రెప్పలే ఉండవు కదా. నీ గంపలోవి మూశాయా?"

ఆమె తన గంపలోకి వంగి చూసుకుంది. పక్కనున్నవాళ్ళు గొల్లుమన్నారు. ఆమె కూడా నవ్వింది, నవ్వుతూనే చీర కొంగు తీసి గంప మీద కప్పేసింది.

"నిజమే గానీ," అంది, "నువ్వు అనకుండా ఉంటే బాగుండేది. ఇప్పుడు నాకూ అట్లే అగుపిస్తాయి."

ముప్పై ఏళ్ళుగా వాదిస్తున్నాను. వాదన గెలిచాక భయం ఇంకో మనిషికి అంటుకోవడం అంత స్పష్టంగా ఎన్నడూ చూడలేదు.

గిద్దలూరు

బస్సు కంభం మీదుగానే వెళ్తుంది. కానీ సుజాతను కలవకుండా ఆ పల్లెకు పోవడం తెలివైన పని కాదు. గిద్దలూరు బస్టాండు ఎదుట ఆమె నాకు ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినిపించింది. నానబెట్టిన బొరుగులను, అంటే మా మరమరాలను, ఉల్లిపాయతో, పప్పులపొడితో తాలింపు వేసే ఉగ్గాని మా వైపు ఎవరికీ తెలియదు. ప్లేటు ముప్పై రూపాయలు. ఇంత మంచి పదార్థం నల్లమల దాటి మా వైపు రాలేదంటే తప్పు మాదే. తింటూ ఆ పల్లె కథ విన్నాను.

దాని అసలు పేరు ఇక్కడ రాయను. ఆ ఊరి మనిషి ఒకడు కుర్రతనంలోనే మద్రాసు పారిపోయి, సరుకు ఓడల్లో కళాసీగా జీవితమంతా తిరిగి, ముసలితనంలో ఇంటికొచ్చాడు. అందరూ ఓడ తాత అనేవారు. సముద్రం లేని ఊళ్ళో తనకు తెలిసిన సముద్రమంతా చెరువు వాళ్ళకు నేర్పాడు. ఎడమ అనకూడదు, పోర్టు అనాలి. కుడి అనకూడదు, స్టార్‌బోర్డు అనాలి. ఎందుకంటే మనిషి వెనక్కి తిరిగితే వాడి కుడి ఎడమలు మారిపోతాయి, ఓడవి మారవు. ఎవరు ఎటు తిరిగి చూసినా ఓడ ముక్కుకు ఎడమ పక్కదే పోర్టు. చీకట్లో పోర్టుకు ఎర్ర దీపం, స్టార్‌బోర్డుకు పచ్చ దీపం. ఎదుట రెండు దీపాలూ కలిసి కనబడ్డాయంటే ఆ ఓడ తిన్నగా నీ మీదికే వస్తోందన్నమాట. ప్రమాదమొస్తే గంట ఏడుసార్లు పొట్టిగా, ఒకసారి పొడుగ్గా. అది వింటే ఉన్నవాళ్ళు ఉన్నట్టే ఒకచోట చేరాలి.

ఇదంతా నాకు నచ్చింది. చూసేవాడి ఇష్టాన్ని బట్టి మారని కుడి ఎడమలు కావాలనే కదా నేనూ పోరాడుతున్నది!

"మరి చెయ్యి?" అన్నాను.

"అదీ ఆయన నేర్పిందే. 'మ్యాన్ ఓవర్‌బోర్డ్' అని కేక పెట్టి, మొదట చూసిన మనిషి చెయ్యి చాపి చూపించాల. కన్ను తిప్పకూడదు. చూపు పట్టడం అంటారు ఇక్కడ."

మా వీధిలో ఓడ అధికారిగా పనిచేసి రిటైరైన పెద్దాయన ఉన్నారు. అక్కడి నుంచే ఆయనకు ఫోన్ చేశాను. నిజమేనన్నారు. అలల్లో మనిషి తల కొబ్బరికాయంత. ఓడ వెంటనే ఆగదు. దూరం పోయి, తిరిగి రావాలి. ఎటు రావాలో చెప్పడానికి ఒక మనిషి ఇంకే పనీ పెట్టుకోకుండా చూపిస్తూ ఉండాలి.

"కానీ అమ్మా," అన్నారాయన, "చెయ్యి చాపేది ఓడ కోసం. పడ్డవాడి కోసం విసరాల్సింది రింగు. కేక పెట్టగానే తేలే రింగు విసరాలి. అది లేకుండా చూపిస్తూ నిలబడితే, మునగడాన్ని చూపించినట్టే."

నేను ప్లేటు పక్కన పెట్టేశాను. నా వాదన నాకు దొరికింది.

ఓడ పల్లె

వానాకాలం బాగా కురిసిన ఏడు కనుక చెరువు ఎగువదాకా నిండి ఉంది. రెండు కొండల మధ్య పాతకాలపు రాజులు కట్టించిన కట్ట అటు దూరాన ఎక్కడో ఉంది. ఇటు కొసన నీళ్ళు చేలల్లోకి పాకి, తుమ్మచెట్లను నడుముదాకా ముంచాయి. చచ్చిన కొమ్మలు నీళ్ళలోంచి పైకి లేచి ఉన్నాయి. ఒక్క కొంగ లేదు. మా ఆటో బురదలో దిగబడింది. డ్రైవరు దిగి తోస్తుంటే గట్టు మీదున్న ఒక ముసలామె కేకేసింది: "పోర్టుకు కొయ్యరా నాయనా, పోర్టుకు!" అతను బిత్తరపోయి ఆమెకేసి చూశాడు. సుజాతే ఎడమకు తిప్పమని చెప్పింది.

పల్లె అంటే ఇరవై ముప్పై గడపలు. నల్లరాతి గోడల మీద రేకులు. ముంగిళ్ళలో వలలు, థర్మకోల్ దిమ్మెలు కట్టి చేసిన తెప్పలు. మమ్మల్ని చూసి ఎవరూ తలుపులు వేసుకోలేదు. అలాగని ఎవరూ పలకరించనూ లేదు. పొద్దు కొండకు దిగుతుండగా గంట మోగింది. పొట్టిగా, పొట్టిగా, పొట్టిగా, ఏడుసార్లు. తర్వాత ఒక్కటి, చాలా పొడుగ్గా. ముంగిట్లో బియ్యం చెరిగే ఆమె చేట దించింది. వల కుట్టే అతను సూది ఆపాడు. అందరూ చెరువుకేసి తిరిగారు.

గట్టు చివర బండ మీద కాశమ్మ వచ్చి నిలబడింది. నలభై ఏళ్ళుంటాయేమో. కుడిచెయ్యి భుజం ఎత్తుకు లేచి, వేలు నీళ్ళకేసి తిరిగింది. అంతే. వేలి కొసన ఏమీ లేదు. ఎక్కడ చూసినా ఒకేలాంటి నీళ్ళు. కానీ నేను అటు చూశాను. రైల్లో పెద్దాయన వద్దన్నా చూశాను. చూశాక, ఏదో ఒకటి పైకి వస్తుందేమోనని కన్ను తిప్పలేకపోయాను. ఎంతసేపో తెలియదు. సుజాత నా మోచెయ్యి పట్టుకుని లాగితే గానీ నా ఒళ్ళు నాకు దక్కలేదు. ఇందులో దయ్యమేమీ లేదు. ఎవరైనా ఖాళీలోకి వేలు చూపిస్తే మనసు ఆ ఖాళీని నింపుతుంది. నాకు ఇది తెలుసు. తెలిసినా చల్లబడ్డ చేతులు వెచ్చబడలేదు.

నేను బండ పక్కకు వెళ్ళి కూర్చున్నాను. ఆమె తల తిప్పకుండానే మాట్లాడింది.

"సుజాతమ్మ చెప్పింది. మీటింగులు పెడతారంట కదా మీరు. అరవద్దండమ్మా ఇక్కడ."

"అరవను. చెయ్యి నొప్పి పుట్టట్లేదా?"

"మొదట్లో పుట్టేది. ఇప్పుడు దించితే పుడతాది."

"నువ్వు కన్ను తిప్పావా ఆ రోజు?"

"తిప్పలేదు. గాలికి తెప్ప తిరగబడినాది. ఓబులేసు రెండుసార్లు పైకి వచ్చినాడు. నేను చూపు పట్టినా. ఇద్దరు ఈదుకుంటా నా వేలు చూపిన పక్కకు పోయినారు. ఏమీ లేదు. నేను మాత్రం వాణ్ణి చూసినచోటే చూస్తా ఉన్నా. ఇప్పుడూ అక్కడే."

"రింగు విసరలేదా ఎవరూ?"

ఆమె ఎడమచేత్తో వెనక్కి, గట్టు కిందున్న చిన్న గుడికేసి చూపింది.

"రింగు గంగమ్మ దగ్గర ఉంది కదమ్మా."

ఓడ తాత వచ్చేటప్పుడు ఓడ నుంచి ఒక నారింజ రంగు రింగు తెచ్చాడట. ఉన్నన్నాళ్ళూ ఈ బండ దగ్గరే కొయ్యకు తగిలించి ఉంచేవాడట. అతను పోయాక, అంత గొప్ప వస్తువు ఎండలో ఉండటమేమిటని ఊరంతా కలిసి గంగమ్మ గుడిలో పెట్టారు. గుడి అంటే గట్టు వెనకే, పలకరాళ్ళతో కట్టిన చిన్న గది. పూజ చేసేది నరసయ్య, కాశమ్మకు చిన్నమామ, అంటే మామగారి తమ్ముడు. మునిగిపోయిన ఓబులేసు ఆయన కొడుకే.

"నేను రింగు రింగు అని కేకలేసినా. పక్కింటి లక్షుమ్మ గుడికి పరిగెత్తింది. వాళ్ళింట్లో పురుడు. మైల చేతుల్తో ముట్టుకోవద్దు, నీళ్ళు పోసుకుని రా అన్నాడు చిన్నమామ. ఎవరు పడినారో ఆయనకు తెలీదమ్మా. ఎవడో తెప్ప తిరగేసుకోని ఉంటాడు, ఈదుకోని వస్తాడులే అనుకున్నాడు."

నా ఒళ్ళు మండిపోయింది. "ఆ మనిషా నీ మీద పంచాయితీ పెట్టేది? రేపు పదిమంది ముందూ ఈ మాటే అడుగుతాను."

అప్పుడు కాశమ్మ తల తిప్పి నన్ను చూసింది. చెయ్యి మాత్రం అటే ఉంది.

"ఆ మాట అనొద్దు. నీ కాళ్ళు మొక్కుతా. కొడుకును పోగొట్టుకున్నోడు. అది పదిమందిలో విన్నాడంటే ఆయన గూడా ఈ నీళ్ళలోనే పడతాడు. నన్ను ఊళ్ళో ఉండనిస్తే చాలు. మా ఆయన బెంగళూరులో బేల్దారి పనికి పోయినాడు. నేను ఈడ చెరువు మీద బతకాల. ఇంకేదన్నా చెప్పి గెలువు."

ఎవరూ నన్ను ఇలాంటి షరతు మీద వాదించమని అడగలేదు. ఉన్న నిజాల్లోకెల్లా పదునైనదాన్ని సంచిలో పెట్టేసి, మొద్దుదాన్ని పట్టుకుని వెళ్ళాలి. ఆ రాత్రి లక్షుమ్మ ఇంట్లో రాగిసంగటి, చేపల పులుసు తిన్నాం. పులుసు అద్భుతంగా ఉంది; నేను మాత్రం ముద్ద మింగుతూ ఎవరితో ఎలా మాట్లాడాలా అని మాటలు వెతుక్కుంటున్నాను.

గుడి ముందు

పొద్దున చెరువు మీద పొగమంచు ముద్దలు ముద్దలుగా కదులుతోంది. గట్టు మీద ఊరంతా చేరింది. కాశమ్మ బండ మీద, చెయ్యి చాచి. నరసయ్య గుడి గడప దగ్గర కూర్చున్నాడు. గడ్డం పెరిగి, చొక్కా గుండీలు ఒకదానికి ఒకటి తప్పి పెట్టుకున్న మనిషి. రాక్షసుణ్ణి చూస్తాననుకుని వచ్చాను. నిద్రలేని తండ్రి కనిపించాడు.

"మీరు చదువుకున్నోళ్ళు," అన్నాడాయన. "ఓడ తాత చెప్పినాడు, చూపు ఉన్నంతసేపూ నీళ్ళు మనిషిని మింగవని. ఈమె చూపు తప్పినాది. వాడు పోయినాడు."

"ఓడ తాత ఆ మాట చెప్పి ఉండడు. అది తర్వాత మీరు కలుపుకున్నది. ఓడలో చెయ్యి చూపించేది ఓడ నడిపేవాడి కోసం. చూపు మనిషిని తేల్చదు. తేల్చేది మీ గుడిలో వేలాడుతోంది. దానికి మీరు పసుపు రాస్తారు, దండలు వేస్తారు, నీళ్ళలో మాత్రం వెయ్యరు."

"అమ్మవారి సొమ్ము అది."

"అమ్మవారికి ఈత రాదా ఏంటి, రింగు కావాల్సొచ్చింది?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నరసయ్య మాత్రం నవ్వలేదు, కోప్పడనూ లేదు. "తీసి చూపించండి," అన్నాడు. "దాంతో మనిషి బతుకుతాడని చూపించండి."

అది ఒప్పుకోలో, సవాలో అర్థం కాలేదు. నేను గడప దాటాను.

"నీళ్ళు పోసుకున్నావా?" అంది ఎవరో ముసలామె.

"లేదు."

లోపల చల్లగా, నూనె వాసన. అమ్మవారి రాయి వెనక గోడకు ఆ రింగు. నారింజ రంగు ఎక్కడా కనబడనంత పసుపు, కుంకుమ. చుట్టూ మొక్కుబడి గంటలు, చిన్న ఇనుప శూలాలు. ఒక్కొక్కటీ రింగుకు కన్నం పెట్టి బిగించిందే. శుక్రవారం శుక్రవారం దాని మీద బిందెలతో నీళ్ళు పోస్తారట. కిందికి దించుతుంటే గంటలన్నీ ఒక్కసారి మోగాయి. బరువు నా చేతులకు తెలిసింది. తెలిసినా, అంతమంది చూస్తుండగా ఆగడం నాకు చేతకాలేదు.

సుజాతా, నేనూ కలిసి దాన్ని బండ చివరికి మోసుకెళ్ళి, ఊపి నీళ్ళలోకి విసిరాం.

తేలింది! పసుపు కరిగి చుట్టూ మరకలా పరుచుకుంది. "చూడండి," అని నేను అరిచాను. అరవనని కాశమ్మకు ఇచ్చిన మాట మర్చిపోయి. గట్టు గాలి రింగును లోపలికి పట్టుకుపోయింది. ఒక మంచు ముద్దలోకి పోయి, అవతల మళ్ళీ కనబడింది. గంటలు సన్నగా మోగుతున్నాయి. మనిషి ఈదలేనంత దూరం పోయాక అది ఒక పక్కకు ఒరిగింది. ఎవరో కింది నుంచి పట్టుకుని సర్దుతున్నట్టు నెమ్మదిగా నిలువుగా లేచింది. ఆ నిలువునే కిందికి దిగింది. ఆఖరి గంట నీళ్ళు తాకేదాకా మోగింది.

తర్వాత అక్కడ ఏమీ లేదు.

వింతేమీ కాదు. కన్నాల్లోంచి ఏళ్ళ తరబడి నీళ్ళు పట్టిన వస్తువు, పైన మొక్కుల ఇనుము. చిన్నపిల్లలకు కూడా చెప్పగలను. కానీ నేను చెప్పేలోపే, నిన్న "పోర్టుకు" అన్న ముసలామె గుండెలు చీల్చుకుని కేక పెట్టింది: "మ్యాన్ ఓవర్‌బోర్డ్!" ఇంగ్లీషులో అక్షరం తెలియని ఊరు మొత్తం ఆ కేక అందుకుంది. ఎవరో గంట అందుకున్నారు. ఏడు పొట్టివి, ఒక పొడుగుది. గట్టు మీద నిలబడ్డ అందరి కుడిచేతులూ ఒక్కసారే లేచాయి. ఆడవాళ్ళు, మగవాళ్ళు, వలలు పట్టుకున్నవాళ్ళు. అందరూ రింగు మునిగినచోటునే చూపిస్తున్నారు. ఎవరూ రెప్ప వేయట్లేదు.

నేను వాళ్ళ వెనకగా నడిచాను. నాకు ఏదో తేడాగా కనబడింది. లక్షుమ్మ వేలు తుమ్మకొమ్మకు ఇవతల చూపిస్తోంది. ఆమె పక్కనున్న అతని వేలు అదే కొమ్మకు బాగా అవతల. ముసలామెది కొండ పల్లానికి సూటిగా. ఇంకొకతనిది అసలు మంచులోకి. ఒక్క చెయ్యి ఇంకో చేతితో కలవలేదు. ఇప్పుడే మునిగింది. అందరూ చూస్తుండగానే మునిగింది. విసనకర్ర పుల్లల్లా ఆ చేతులన్నీ విప్పారి ఉన్నాయి.

"కన్ను తిప్పకండి," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "నీళ్ళ మీద నుంచి కన్ను తీయకండి. పక్కమనిషి చెయ్యి ఎటుందో మాత్రం అంచు చూపుతో చూసుకోండి."

మెల్లిగా ఒక గుసగుస గట్టు ఈ కొస నుంచి ఆ కొసకు పాకింది.

"యాడ చూపిస్తావే నువ్వు? అటు కాదు."

"అటే. నేను చూసినా కదా."

"అబద్ధం. కొమ్మకు పోర్టు పక్కన!"

"నీ మొకం, స్టార్‌బోర్డు పక్కన!"

"మీలో ఎవరు కన్ను తిప్పారు?" అని అడిగాను. "ఎవరిని వెళ్ళగొడదాం?"

నా వెనక ఒక శబ్దం వినబడింది. నరసయ్య గడప మీద నుంచి లేచి, నీళ్ళ అంచుదాకా వచ్చి, మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు.

"మునిగింది," అంటున్నాడు. "మునిగింది కదా. ఇచ్చినా మునిగేదే. నేను ఇచ్చినా మునిగేదే!"

ఊళ్ళో చాలామందికి ఆ మాట అర్థం కాలేదు. లక్షుమ్మ మాత్రం కొంగు నోట్లో కుక్కుకుంది. రింగు తేలి మనిషిని కాపాడుతుందని చూపించడానికి వచ్చిన నేను, అది కాపాడేది కాదని చూపించాను. నా ఓటమి ఆ తండ్రికి ఊపిరైంది. దాన్ని పాడుచేసింది మీ మొక్కుబడులేనని చెప్పాల్సిన మాట నా నాలుక చివర ఉంది. చెప్పలేదు. ఆ ఉదయానికి ఆయన అంతకంటే మోయలేడు. ఇక్కడ రాస్తున్నాను. చదివేవాళ్ళు తమ ఊళ్ళో గోడకు తగిలించినదాన్ని దించి చూసుకుంటారని.

కాసేపటికి నరసయ్య లేచాడు. బండ ఎక్కి కాశమ్మ పక్కన నిలబడ్డాడు. ఆమె చూపు ఇంకా తన మరిది పోయినచోటే ఉంది. రింగు మునిగింది ఆమె చూడనే లేదు.

"పంచాయితీ ఏమీ లేదు," అన్నాడాయన ఊరికేసి తిరగకుండానే. "దించు పాపా."

"రావటం లేదు చిన్నమామా," అంది కాశమ్మ.

ఆయన ఒక చెయ్యి ఆమె మోచేతి కింద, ఇంకో చెయ్యి మణికట్టు కింద పెట్టాడు. పసిబిడ్డను పడుకోబెడుతున్నట్టు కొంచెం కొంచెంగా కిందికి దించాడు. భుజం కదిలినప్పుడల్లా ఆమె పళ్ళు బిగించింది. చెయ్యి పూర్తిగా దిగాక, ఆమె కళ్ళు మూసుకుంది.

గట్టు మీద మిగతా చేతులన్నీ ఇంకా గాల్లోనే ఉన్నాయి. దించమని ఎవరు చెప్పాలో ఎవరికీ తెలియలేదు. సుజాత నా దగ్గరికి వచ్చి, "అక్కా," అని మెల్లిగా పిలిచింది. అప్పుడు చూసుకున్నాను. నాది కూడా లేచే ఉంది.